వంతెన మీద అనకూడని మాట

చీపుళ్ళు అమ్మేవాడు కోట వెనక గుమ్మం దగ్గర తట్ట దించి మెడ తుడుచుకున్నాడు.

"గడ్డి తడిగా ఉందేం?" అని అడిగింది చిగుసా, ఒక చీపురు చేతిలోకి తీసుకుని.

"వాన మా ఒడ్డునే పడిందమ్మా. మీ ఒడ్డున ఎండేనా?"

"ఎండే. మబ్బు మాత్రం కనబడుతోంది."

కోడ్ సరిపోయింది. చీపుళ్ళవాడు తట్ట సర్దుతున్నట్టు వంగాడు. ఆయన పేరు నిహెయి. సువారా నదికి పడమటి ఒడ్డున ఉన్న మినొబె వంశానికి గూఢచారుల పెద్ద. చిగుసా ఆయన ఏజెంటు. తూర్పు ఒడ్డున, శత్రువులైన కగేత్సు వంశం వారి కోటలో, గుమ్మాలు ఊడ్చే విధవరాలి వేషంలో ఏళ్ళ తరబడి బతుకుతోంది. ఇలాంటివాళ్ళని ఆ దేశంలో 'గడ్డి' అంటారు. శత్రువు పెరట్లో మొలిచి అక్కడే ఎండిపోవలసినవాళ్ళు.

"పెళ్ళి వార్త విన్నావుగా," అన్నాడు నిహెయి పెదాలు కదలకుండా. "కగేత్సు ప్రభువు తన కూతురు రురిని మన చిన్న ప్రభువు నారిసుకెకి ఇస్తున్నాడు. వంతెన నడిమధ్యన పెళ్ళి. ఇద్దరూ ఒకే గిన్నెలో సాకే సారా తాగితే యుద్ధం ముగిసినట్టే."

"మంచిదేగా."

"పిల్ల నిజమైనదైతే మంచిదే. కన్నకూతుర్ని మన చేతికిచ్చినవాడు మన మీద కత్తి దుయ్యడు. కానీ రురి మొహం మనవాళ్ళెవరూ చూడలేదు. ఆ ఇంటి ఆడపిల్లలు తెర దాటరు. ఎవత్తెనో పల్లకీలో కూర్చోబెట్టి పంపితే?"

"నాట్యగత్తె ఒబొరో, వచ్చేది నిజమైన పిల్లేనని చెప్పిందన్నారు కదా?"

"చెప్పింది. అందుకే నాకు నిద్ర పట్టడంలేదు. నిజమా, నకిలీయా? అదే నీ మిషన్."

చీపురు పిడిలోంచి ఆయన మడతపెట్టిన కాగితం పిట్టను లాగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఊపిరి కాగితం. దీని చెవిలో ఒక్క మాట చెప్పి గాల్లోకి వదులు. నా దగ్గరికొచ్చి, నీ గొంతుతోనే చెప్పి బూడిదవుతుంది. ఇంకోటి లేదు. ఈ కాగితం చేసే ముసలమ్మ పోయింది. పిల్ల నిజమైనదైతే 'పూత' అను. నకిలీ అయితే 'మంచు' అను."

"మంచు అంటే ఏం చేస్తారు?"

"కొండ అంచున విలుకాళ్ళుంటారు. పల్లకీ వంతెన ఎక్కకముందే పని అయిపోతుంది. నీ దగ్గర్నుంచి ఏ కబురూ రాకపోతే, అదీ మంచు కిందే లెక్క."

చిగుసా పిట్టను చేతిసంచిలో దాచింది. నిహెయి తట్ట ఎత్తుకోబోతూ ఆగాడు.

"ఇదే ఆఖరు, చిగుసా. ఊడ్చింది చాలు. పని కాగానే వంతెన దాటి వచ్చెయ్. ఫుకి నీ కోసం అక్కడికి వస్తానంటోంది."

ఫుకి ఆమె కూతురు. పాలు మరవకముందే అత్తగారి ఒడిలో పడేసి నది దాటింది చిగుసా. ఆ పేరు పైకి వినబడి ఎన్నాళ్ళయిందో. చేతిలోని చీపురు పుల్లలు తెలియకుండానే ఒక్కొక్కటీ విరిచేసింది.

"పొడుగ్గా ఉందా?"

"నీకంటే పొడుగు."

"పళ్ళో?"

"పళ్ళేమిటి?"

"బొటనవేలు తెగ చీకేది. ముందుపళ్ళు ఎత్తుగా వచ్చాయేమోనని భయం నాకు."

"చక్కగా ఉన్నాయిలే."

"చూసి చెప్తున్నారా, నా కోసం చెప్తున్నారా?"

"గూఢచారినమ్మా. చూడందే రిపోర్టు ఇవ్వను," అని ఆయన తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

*

పెళ్ళికూతురు బయల్దేరిన పొద్దున కోట గుమ్మం ముందు జనపకట్టెల మంట వేశారు. ఇంట్లోంచి శవం వెళ్ళినా ఆ మంటే, ఆడపిల్ల వెళ్ళినా ఆ మంటే. పల్లకీ గడప దాటగానే తల్లి వచ్చి, పిల్ల రోజూ అన్నం తినే గిన్నెను రాతి మీద పగలగొట్టాలి. ఇక ఈ ఇంట నీకు కూడు లేదు, వెనక్కి చూడకు అని అర్థం. పెంకులు ఎత్తి అగడ్తలో పారెయ్యడం ఊడ్చే విధవరాలి పని. వాటిని చూడకూడదు.

కగేత్సు దొరసాని వచ్చింది. కొంగలు గీసిన నీలం గిన్నెను రాతి మీద వదిలింది. పండు తొక్క వదిలినట్టు వదిలింది. కళ్ళు తడవలేదు. ఆ కళ్ళు పల్లకీ వైపు లేవు, మేడ మీద మూసిన కిటికీ వైపు ఉన్నాయి.

చిగుసా వంగి పెంకులు ఎత్తుతూ చూసింది.

అడుగు గరుకుగా, బట్టీలోంచి తీసినప్పటిలాగే ఉంది. లోపల అన్నం తినే పుల్లల గీత ఒక్కటి లేదు. తిన్నాక గిన్నెలో టీ పోసి తిప్పి తాగడం వాళ్ళ అలవాటు. ఆ టీ మరక ఎంత తోమినా అంచు కింద గోధుమరంగు గీతలా మిగిలిపోతుంది. ఈ గిన్నెలో అదీ లేదు. ఇందులో ఎవరూ ఒక్క ముద్ద తినలేదు.

చిగుసా పెంకులు అగడ్తలోకి విసిరేసింది.

కగేత్సు వాళ్ళు అన్నీ ఆలోచించారు. అదే ఎత్తు పిల్లను వెతికారు, అదే నడక నేర్పారు. తల్లి భయం ఒక్కటే ఎవరూ ఆలోచించలేదు. మేడ మీద బతికున్న కూతురి గిన్నె పగలగొడితే, ఆ కూతురు నిజంగా పోయినట్టే. ఏ తల్లి చేతులు ఆ పని చేస్తాయి? దొరసాని భర్తకు కూడా చెప్పకుండా కొత్త గిన్నె తెప్పించి ఉంటుంది.

పల్లకీలో ఉన్నది రురి కాదు. మిషన్ అక్కడితో ముగిసింది. పిట్టను తీసి 'మంచు' అంటే చాలు.

చేతిసంచిలో చెయ్యి పెట్టింది కూడా. సరిగ్గా అప్పుడే పల్లకీ తెర పక్కకి జరిగి, సన్నటి చెయ్యి ఒకటి బయటికి వచ్చి, పొగలోకి ఊపింది. గుమ్మం దగ్గర అంతమంది ఉన్నారు. ఒక్కరూ తిరిగి ఊపలేదు. అది ఎవరి పిల్లో వాళ్ళకి తెలియదు, తెలిసినవాళ్ళకి అక్కర్లేదు.

చిగుసా సంచిలోంచి చెయ్యి తీసి, ఊపింది. తర్వాత తనను తాను తిట్టుకుని, చీపురు భుజాన వేసుకుని పల్లకీ వెంట నడిచింది. పల్లకీ ముందు వంతెన ఊడ్చే పని కూడా ఆమెదే.

*

మధ్యాహ్నం దేవదారు చెట్ల కింద పల్లకీ దించారు. పెద్ద దాసి తోసె అన్నం పెట్టె తెచ్చింది. తెర తీసుకుని పిల్ల తొంగి చూసింది. గుండ్రటి మొహం, పూసిన తెల్లరంగు కింద ఎండకు కమిలిన చర్మం.

"పిన్నీ, పొద్దున నాకు చెయ్యి ఊపింది నువ్వే కదూ?"

"నేనెందుకు ఊపుతాను? ఈగను తోలాను."

"ఈగకి అంత ప్రేమగా ఊపుతారా?"

తోసె కసిరింది. "ప్రభువు కూతుళ్ళు ఊడ్చేదానితో కబుర్లాడతారటమ్మా? తిను."

పిల్ల తింది. అన్నం ఉండలు తిని, ఊరబెట్టిన ముల్లంగి తిని, పెట్టె మూలల్లో అంటుకున్న మెతుకులు వేలితో ఏరుకుని తింది.

"అయ్యయ్యో, పెట్టె నాకుతోంది చూడు! ఎవరైనా చూస్తే?"

"ఎవరు చూస్తారు తోసె గారూ, సామాను బండి ఎద్దులు తప్ప? అవి కూడా తొట్టె నాకుతూనే ఉన్నాయి." పిల్ల నవ్వింది. "ఇదంతా అయిపోయాక తిరిగి మా ఊ..."

తోసె ఎగిరి పిల్ల నోరు మూసింది.

"ఆ మాట అనకే తల్లీ! పెళ్ళిదారిలో ఆ మాట అనకూడదని మీ ఊళ్ళో చెప్పలేదా? మా అమ్మమ్మ చిన్నప్పుడు ఒక తాగుబోతు మేనమామ పెళ్ళిపీట దగ్గర, తిరిగి ఎప్పుడొస్తావే అన్నాడట. అంతే. గిన్నె ఏట్లో పోశారు. ఎక్కడివాళ్ళు అక్కడ కత్తులు కిందపెట్టి ఏటి నీళ్ళతో నోళ్ళు కడుక్కున్నారు. కడిగేదాకా ఎవరూ కత్తి ముట్టకూడదు. ఆ పెళ్ళికూతురు ఎవరికీ కాకుండా పోయి, పిలిచినవాడి వెంటే పోయింది. వాళ్ళకి రెండు ఒడ్లలోనూ చోటు లేదు. వాళ్ళతో మాట్లాడినవాళ్ళకీ లేదు."

"మరి ఎక్కడుంటారు పాపం?"

"ఏటి మధ్య లంకల్లో. నాకేం తెలుసు? మూతి తుడుచుకో."

తోసె పెట్టె కడగడానికి వాగు దగ్గరికి వెళ్ళింది. పిల్ల గొంతు తగ్గించింది.

"పిన్నీ, నా పేరు నోయె. ఎవరికీ చెప్పకు. ఒక్కళ్ళకైనా చెప్పకపోతే నాకే మర్చిపోతానేమోనని భయంగా ఉంది."

"నీకేం చెప్పి తీసుకొచ్చారు?"

"వంతెన మీద కూర్చుని ఒక గుక్క తాగితే చాలన్నారు. మా తమ్ముళ్ళకి చలికాలమంతా బియ్యం పంపుతారట. మా అమ్మ కూడా మంట వేద్దామనుకుంది. పుల్లలు తడిసిపోయి అంటుకోలేదు. గిన్నె పగలగొడదామంటే ఉన్నదే ఒక కుండ." నోయె మళ్ళీ నవ్వబోయి మానేసింది. "మంట వెయ్యకపోతే నేను వెళ్ళినట్టేనా, వెళ్ళనట్టా?"

చిగుసా పల్లకీ తెర సర్దింది. చేతిసంచిలో కాగితం పిట్ట కదిలినట్టయింది.

*

నదికి ఇవతల, వంతెన కనబడే మలుపులో, తెల్ల గొడుగు కింద ఒకామె నిలబడి ఉంది. పల్లకీ మోసేవాళ్ళ కాళ్ళు తడబడ్డాయి. అంత అందం. ఒబొరో. రెండు కోటల్లోనూ నాట్యం చేసే మనిషి. ఈ వంశం ఆమెను తమ గూఢచారి అనుకుంటుంది, ఆ వంశమూ తమ గూఢచారి అనుకుంటుంది. ఎండలో ఆమె నీడ వెనక సన్నగా ఏదో ఊగుతోంది. నక్క రక్తం ఉన్నవాళ్ళు ఆ దేశంలో వింతేమీ కాదు. పారే నీట్లో అడుగు పెట్టలేరు, అంతే.

ఒబొరో పల్లకీలోకి వంగి నోయె పెదాలకు రంగు వేసింది. పచ్చగా మెరిసే ఎరుపు, పురుగు రెక్కలాంటి మెరుపు.

"గిన్నె ముట్టేదాకా పెదాలు తడపకు, బంగారూ. మంచినీళ్ళు కూడా వద్దు. అందం చెదిరిపోతుంది."

తర్వాత కుంచెను పక్కనున్న కుంపటి నిప్పుల్లో పడేసి, వేళ్ళను బూడిదతో గట్టిగా రుద్దుకుంది. రంగు వేసినవాళ్ళెవరూ కుంచె కాల్చరు. చిగుసాకి మొత్తం ప్లాన్ అర్థమైంది. పెళ్ళికూతురు ముందు తాగుతుంది. ఆమె పెదవి ఆనిన చోటే పెళ్ళికొడుకు తాగాలి. విషం సాకేలో కరుగుతుంది. పిల్లా పోతుంది, పెళ్ళికొడుకూ పోతాడు.

"కళ్ళు బాగా పనిచేస్తాయి చిగుసక్కకి," అంది ఒబొరో గొడుగు తిప్పుతూ, మెల్లగా. "సంచిలో పిట్ట ఉక్కపోసి చస్తుందేమో చూసుకో."

"ఎవరికి పనిచేస్తున్నావు నువ్వు?"

"యుద్ధానికి. శాంతి వస్తే నన్నెవరు పిలుస్తారక్కా, పండగ పూట గంతులెయ్యడానికి తప్ప? మీవాళ్ళు పిల్లను బాణాలతో కొడితే కగేత్సు వాళ్ళకి కోపం తెచ్చుకోడానికి కారణం దొరుకుతుంది. గిన్నె తాగితే మీ చిన్న ప్రభువు పోతాడు. పిట్ట నోట ఏ మాట పెట్టినా నాకు పనే." ఆమె గొంతు నిజంగానే జాలిగా మారింది. "నువ్వు 'మంచు' అను. అబద్ధమేం కాదు కదా? సాయంత్రానికి నీ కూతురు చేతి అన్నం తింటావు. ఆ పిల్ల నీకేమవుతుంది?"

"ఏమీ కాదు," అంది చిగుసా.

చీపురు తీసుకుని వంతెన ఎక్కింది.

*

వంతెన చెక్కలు ఊడుస్తూ ఆమె ఒక్కసారే తల ఎత్తింది. అవతలి చివర మినొబె జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళలో ఒక పొడుగాటి పిల్ల మునివేళ్ళ మీద లేచి ఇటే చూస్తోంది. ఎవరైనా కావచ్చు. పొడుగాటి పిల్లలు ఊరినిండా ఉంటారు.

విషమని అరిస్తే? రెండువైపులా కత్తులు లేస్తాయి. ముందు తెగేది నోయె మెడే. ఊరుకుంటే విలుకాళ్ళు. మంచు అంటే విలుకాళ్ళు.

చిగుసా పిట్టను నోటి దగ్గర పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆమె రిపోర్టు ఒక్కటీ తప్పు కాలేదు.

"పూత," అంది.

కాగితం రెక్కలు విప్పుకుని కొండ వైపు ఎగిరింది. కాసేపటికి కొండ అంచున మెరుస్తున్న బాణాల మొనలు వెనక్కి తగ్గిపోయాయి.

పల్లకీ వంతెన మధ్యకు వచ్చింది. తెర ఎత్తి నోయెను దించేలోపు చిగుసా గొణిగింది. "పెదవి ఆనించు, మింగకు. ప్రాణం పోయినా మింగకు."

"ఎందుకు పిన్నీ?"

"చేదు."

నారిసుకె వచ్చి కూర్చున్నాడు. మొహం మీద మొటిమలు ఇంకా మానని కుర్రాడు. పూజారి గిన్నెలో సాకే పోశాడు. నోయె రెండు చేతులతో ఎత్తి పెదవి ఆనించింది. గొంతు కదలలేదు. అంచు మీద ఎరుపు మిగిలింది. గిన్నె నారిసుకె చేతికి వెళ్ళింది. అతను ఆ ఎరుపు తన వైపు వచ్చేలా మర్యాదగా గిన్నె తిప్పాడు. పెళ్ళికూతురు వైపు చూసి సిగ్గుపడ్డాడు. పైకెత్తాడు.

అవతలి చివర ఆ పొడుగాటి పిల్ల చేతిలో ఏదో మూట ఉంది.

గిన్నె అతని పెదవికి తగలబోతుండగా చిగుసా చీపురు విసిరేసింది.

"నా తల్లీ, లే! తిరిగి ఇంటికి పోదాం పద!"

తోసె వెక్కిళ్ళు మొదలుపెట్టింది. పూజారి నారిసుకె చేతిలోంచి గిన్నె లాక్కుని, చూడకుండానే వంతెన అంచు మీంచి ఒంపేశాడు. రెండువైపులా కత్తులు ఒక్కొక్కటిగా చెక్కల మీదికి దిగాయి.

కింద నీళ్ళలో చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఒకటి, తర్వాత చాలా. అవి ప్రవాహంలో మెల్లగా తిరుగుతూ వెళ్ళిపోతుంటే అందరూ చూశారు. కగేత్సు వాళ్ళూ చూశారు. ఎవరూ కత్తి ముట్టడానికి లేదు. కత్తులు నేల మీద ఉన్నాయి, నోళ్ళు ఇంకా కడుక్కోలేదు. కడుక్కునేలోపు మినొబె వాళ్ళు తమ కుర్రాణ్ణి ఎత్తుకుని ఒడ్డు చేర్చారు. మలుపులో తెల్ల గొడుగు మాత్రం నేల మీద దొర్లుతోంది. దాని కింద ఎవరూ లేరు.

చిగుసా తన అంగీ చేతి అంచుతో నోయె పెదాలు తుడిచింది. గట్టిగా, చర్మం ఎర్రబడేదాకా తుడిచింది.

"అది కాదు పిన్నీ," అంది నోయె నోటి మీద గుడ్డ అడ్డుగా ఉండగానే. "ఆ మాట అన్నావు కదా. ఇప్పుడు నీకు ఇల్లు లేదు కదా."

"మాట్లాడకు. తుడవనీ."

వాళ్ళిద్దర్నీ వంతెన మెట్ల మీంచి ఏట్లోకి, లంకల వైపు దింపారు. ముట్టుకోకుండా, వెదురుకర్రలతో దారి చూపిస్తూ దింపారు. పడమటి ఒడ్డున జనమంతా ఆచారం ప్రకారం వీపు తిప్పారు. ఆ పొడుగాటి పిల్ల అందరికంటే ఆలస్యంగా తిప్పింది.

*

కోతల రోజుల్లో లంక పక్కకి ఒక పడవ వచ్చింది. ముసలి జాలరి, మెడకు తాడు కట్టిన, చేపలు పట్టే నీటికాకి. నోయె రెల్లుగుడిసె ముందు చేపలు ఎండేస్తోంది. చిగుసా నీళ్ళ దగ్గరికి వచ్చి, వేషం వెనక నిహెయిని గుర్తుపట్టింది. ఆయన ఆమె వైపు చూడలేదు. నీటికాకిని ముందు కూర్చోబెట్టుకున్నాడు.

"ఒరేయ్ నల్లోడా, ఆవిడతో మాట్లాడితే నాకూ లంకే గతి. అందుకని నీతో చెప్తున్నాను, విను. కోతలయ్యేదాకా కత్తి ఎత్తకూడదని రెండు ఒడ్లవాళ్ళూ ఒప్పుకున్నారు. చిన్న ప్రభువు బతికే ఉన్నాడు. గిన్నె చూస్తే మాత్రం వణుకుతున్నాడు, ఆకులో పెడుతున్నారు. తప్పుడు రిపోర్టు ఇచ్చిన ఏజెంటుని ఏం చెయ్యాలో సభలో తేలక, చచ్చిపోయిందని ప్రకటించేశారు. చాలా పొగిడారు."

చిగుసా కూడా పక్షి ముందే చతికిలపడింది.

"నల్లయ్యా, మీ యజమానిని అడుగు. ఫుకి వచ్చిందా?"

"వచ్చిందిరా. ముందు వరసలోనే నిలబడింది. కొత్త చెప్పులు మూటగట్టి తెచ్చింది. వాళ్ళమ్మ పాదం ఎంతుంటుందో తెలియక బాగా పెద్దవి తెచ్చింది." నిహెయి కాసేపు తెడ్డు మీద నీళ్ళు తుడిచాడు. "ఆ అరిచినావిడ ఎవరని నన్నడిగింది."

"మీరేం చెప్పారు?" చిగుసా పక్షిని మర్చిపోయింది.

"ఊడ్చే పిచ్చిదని చెప్పాను. వాళ్ళమ్మకి ఈసారి రావడం కుదర్లేదని చెప్పాను. అపశకునం కూతురంటే ఆ పిల్లని ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు నల్లోడా. తప్పు చేశానంటావా?"

చిగుసా ఒడ్డున ఉన్న రెల్లుపుల్ల ఒకటి విరిచింది. వెనక నోయె ఏదో కూనిరాగం తీస్తూ చేపలు తిరగేస్తోంది.

"దానికి అదేమంది?" అని అడిగింది చివరికి.

"'పాపం, ఎవరి తల్లో' అంది."

చిగుసా పడమటి ఒడ్డు వైపు చూసింది. అక్కడ పొలాల్లో ఎవరో చిన్నగా కదులుతున్నారు. ఇంత దూరం నుంచి మొహాలు కనబడవు.

"మంచిపిల్లగా పెరిగింది," అంది నీటికాకితో.

ఏం జవాబు చెప్పాలో తెలియక నీటికాకి ఏట్లోకి దూకేసింది.